మార్కు సువార్త 5వ అధ్యాయం: వ్యక్తిగత ధ్యానం రాసుకునే విధానం

ధ్యానం రాయడానికి కూర్చున్నవారిలో చాలామంది రెండో వాక్యానికే తమ కష్టసుఖాల్లోకి వెళ్లిపోతారు, చదివిన అధ్యాయం అక్కడే ఆగిపోతుంది. అధ్యాయం చెప్పేది చివరిదాకా విన్నాకనే మన సంగతి రాయడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఇందుకు నోట్‌బుక్‌లో ఎడమ పేజీని వాక్యానికి, కుడి పేజీని మీకు కేటాయించుకోండి.

చదవడం 4వ అధ్యాయం 35వ వచనం నుంచి మొదలుపెట్టండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం నాటిది, కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు 1551లో రొబెర్ ఎస్టియెన్ ముద్రించిన ప్రతితో వచ్చాయి; కాబట్టి తుఫాను అణగడమూ, దోనె దిగగానే సమాధుల్లోంచి దయ్యాలు పట్టిన ఒక మనిషి ఎదురురావడమూ మార్కు ఏకధాటిగా చెప్పిన కథ.

ఎడమ పేజీలో ఎవరు ఏమి వేడుకున్నారో, దానికి ఏ జవాబు వచ్చిందో రాయండి. పందుల్లోకి పంపమని దయ్యాలు అడిగితే ప్రభువు సెలవిచ్చాడు. దాదాపు 2000 పందులు సముద్రంలో పడి చచ్చాక, తమ ప్రాంతం విడిచి వెళ్లమని ఆ ఊరివారు బతిమాలితే వెళ్లిపోయాడు. కూతురి కోసం యూదుల సమాజమందిరపు అధికారి యాయీరు పిలిస్తే వెంట నడిచాడు. దయ్యాలు వదిలి స్వస్థత పొందినవాడు మాత్రం నీతోనే ఉంటానంటే ఒప్పుకోక, ఇంటికి వెళ్లి నీవారికి చెప్పమన్నాడు. అడిగినవారందరిలో కాదనిపించుకున్నది కృతజ్ఞతతో అడిగిన ఇతనొక్కడే! ఇక్కడ కుడి పేజీ తెరవండి. మీరు భక్తితో అడిగినా దొరకనిది ఏమిటో దాని పేరుతో సహా రాయండి, కానీ దానికి కారణం వెంటనే కల్పించుకోవద్దు.

ఈ అధ్యాయంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు 24 నుంచి 35 వరకు ఉన్న వచనాలు. యాయీరు కూతురు చావుబతుకుల మధ్య ఉంది. ఆ ఇంటికి వెళ్లే దారిలో ప్రభువును ముట్టిన రక్తస్రావం గల స్త్రీది 12 ఏళ్ల జబ్బు, మన లెక్కన ఇంకో గంట ఆగినా ఫరవాలేదు. ఆ బాలిక వయస్సూ 12 ఏళ్లే, అంటే ఆ ఇంట బిడ్డ పుట్టిన రోజుల్లోనే ఈమెకు రక్తస్రావం మొదలై ఉండాలి. లేవీయకాండము 15వ అధ్యాయం ప్రకారం ఆమె అపవిత్రురాలు, అయినా గుంపులో దూరి ప్రభువు వస్త్రం ముట్టింది. ప్రభువు ఆమెను వెదికి నిలబెట్టి, జరిగినదంతా విని, కుమారీ అని పిలిచేంతవరకు సమాజమందిరపు అధికారి పక్కన నిలబడే ఉన్నాడు. అతడు అప్పుడేమనుకున్నాడో మార్కు ఒక్క మాట కూడా చెప్పడు. వాక్యం మౌనంగా ఉన్నచోట మన ఊహను ఎడమ పేజీలో రాయకూడదు; అది ప్రశ్నగా కుడి పేజీకే వెళ్లాలి. యాయీరు స్థానంలో నిలబడి రాసే రెండు మూడు పంక్తులే, నా దృష్టిలో, ఈ ధ్యానానికి ప్రాణం.

ఆ పంక్తులనే ప్రార్థనగా మార్చుకోండి; వేరే ప్రార్థన కూర్చనక్కరలేదు.

పేజీ అడుగున కొంత ఖాళీ వదిలి తేదీ వేయండి. వెంట రావద్దని పంపబడినవాడు దెకపొలిలో (పది పట్టణాల ప్రాంతంలో) ప్రకటించాడని 20వ వచనం చెబుతుంది. 7వ అధ్యాయం 31వ వచనంలో ప్రభువు మళ్లీ ఆ ప్రాంతానికి వస్తే, అక్కడివారు ఒక చెవిటివాణ్ని తెచ్చి అతని మీద చెయ్యి ఉంచమని వేడుకున్నారు. ఈ రెంటికీ సంబంధం ఉందని మార్కు చెప్పలేదు. అక్కడిదాకా చదివినప్పుడు ఈ పేజీకి తిరిగివచ్చి, మీకు తోచింది ఆ ఖాళీలో రాయండి.