ఇంజిన్ పని నేర్చుకుందాం – 6: మొండి ప్యాకింగ్

పోయిన పాఠంలో మారుతి 800 ఇంజిన్ హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) విప్పి బల్ల మీద పెట్టాం. హెడ్ అడుగునా, బ్లాక్ (సిలిండర్లు ఉండే కింది భాగం) మీదా నల్లగా పెచ్చులు కట్టి ఉన్నదే పాత గ్యాస్కెట్, అంటే గ్యాస్, నీళ్లు, ఆయిల్ కారకుండా ఆ రెండింటి మధ్య పరిచే పల్చటి పొర. షెడ్డులో ప్యాకింగ్ అంటారు, నేనూ అలాగే అంటాను. ఏళ్ల తరబడి వేడికి కాగి కాగి అది లోహంలో కలిసిపోయినట్టే ఉంటుంది. కొత్తది పరవడానికి ఐదు నిమిషాలు చాలు. పాతది వదిలించడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఉన్న రోజే మొదలుపెట్టండి.

ముందు స్క్రూడ్రైవర్ దూరంగా పెట్టేయండి. హెడ్ అల్యూమినియంది, ఇనుములా గట్టిగా ఉండదు. నేర్చుకునే రోజుల్లో నేను స్క్రూడ్రైవర్ మొనతో బరబరా గోకుతుంటే మా మేస్త్రి చూసి, "ఒరేయ్, అది హెడ్డురా, కొబ్బరి చిప్ప కాదు" అన్నాడు. అప్పటికే సిలిండర్‌కీ ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల దారికీ మధ్య గోరుకు తగిలేంత గీత పడిపోయింది. ప్యాకింగ్ ఎంత కొత్తదైనా అలాంటి గీతను పూడ్చదు. గ్యాస్ అక్కణ్ణుంచి నీళ్లలోకి దూరుతుంది, బండి మళ్లీ వేడెక్కుతుంది. చివరికి హెడ్‌కి ఫేసింగ్ కొట్టించాం, అంటే మెషీన్ మీద అడుగుభాగం చదునుగా చెక్కించాం. ఆ ఖర్చు మేస్త్రిదే, తిట్లు నావి.

గీకే ముందు కన్నాలన్నీ మూయాలి. సిలిండర్లలో, ఆయిల్, నీళ్ల దారుల్లో పోగులు ఊడని గుడ్డ కుక్కండి. ఎన్ని ముక్కలు కుక్కారో కాగితం మీద రాసుకోండి. తీసేటప్పుడు ఒకటి తక్కువైతే దాన్ని వెతకడం మామూలు టెన్షన్ కాదు.

ఇక నానబెట్టడం. అసలు పని చేసేది ఇదే, బ్లేడు కాదు. గ్యాస్కెట్ రిమూవర్ స్ప్రే చేసి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. అంచులు ఉబ్బి ముడతలు పడతాయి. పడకపోతే మళ్లీ కొట్టండి. ఆ మందు చర్మం మీద పడితే మంట, పెయింట్ మీద పడితే పొక్కులు. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి, గాలి ఆడే చోట చేయాలి. పాత బండ్ల ప్యాకింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం, కాబట్టి పొడిగా గీకొద్దు, వైర్ బ్రష్ వాడొద్దు, గాలి కొట్టి దులపొద్దు. తడి మీదే తీయండి.

మెత్తబడ్డదాన్ని ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో తోయండి. మిగిలిన పల్చటి పొరకు మాత్రమే కొత్త రేజర్ బ్లేడు. దాని మూలలు రెండూ సానరాయి మీద కాస్త గుండ్రం చేసుకోండి, గుచ్చుకునేది మూలే. బ్లేడును దాదాపు పడుకోబెట్టి ముందుకు తోయండి. చెవి పెట్టి వినండి: సరిగ్గా సాగుతుంటే సన్నగా "స్‌స్‌స్" అంటుంది. "కిర్ర్" అందంటే లోహాన్ని తాకినట్టే, ఆగి మళ్లీ మందు కొట్టండి.

డ్రిల్లుకు రాపిడి బిళ్ల తగిలిస్తే రెండు నిమిషాల్లో మెరుస్తుంది కదా అనిపిస్తుంది. వద్దు. అది అల్యూమినియాన్ని అక్కడక్కడ తినేసి పల్లాలు చేస్తుంది. పైగా దాని రవ్వలు ఆయిల్లో కలిసి బేరింగులను అరగదీస్తాయి. బండి బాగానే స్టార్ట్ అవుతుంది, తర్వాత ఎప్పుడో కొడుతుంది దెబ్బ.

చివర్లో థిన్నర్ గుడ్డతో తుడిచి కళ్లు మూసుకుని వేలితో తడమండి. కంటికి కనపడని గరుకు వేలికి దొరుకుతుంది. తర్వాత వంపులేని స్ట్రెయిట్ ఎడ్జ్‌ని హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడండి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. హద్దు దాటిందంటే లేత్ షాపుకు పంపాల్సిందే.

బ్లాక్‌లో బోల్టు కన్నాలను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అడుగు మూసుకుపోయిన కన్నంలో నీళ్లో ఆయిలో మిగిలితే, బోల్టు బిగించేటప్పుడు అవి పోయే దారి లేక బ్లాక్‌నే చీల్చగలవు. ఒక్కో కన్నంలో గుడ్డ చుట్టిన పుల్ల దించి తడి తీసేయండి. వచ్చే పాఠానికి టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) దగ్గర పెట్టుకోండి, లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి.