గ్యాస్ టర్బైన్ సర్వో మాడ్యూల్: మార్చే ముందు, మార్చేటప్పుడు, క్యాలిబ్రేషన్‌లో

సర్వో మాడ్యూల్ అంటే టర్బైన్ ఫ్యూయల్ వాల్వ్ ఎంత తెరవాలో కరెంటు రూపంలో చెప్పే కంట్రోల్ కార్డు. ఫ్యూయల్ వాల్వ్ ఊగుతోందంటే, లేదా సర్వో సూసైడ్ అలారం పడిందంటే చేయి ముందు మాడ్యూల్ మీదికే పోతుంది. అది ప్యానెల్లోనే ఉంటుంది, తీయడం తేలిక. కానీ తప్పు చాలాసార్లు ఫీల్డ్‌లోనే ఉంటుంది. సూసైడ్ అంటే పొజిషన్ ఫీడ్‌బ్యాక్ (వాల్వ్ ఎక్కడుందో చెప్పే సిగ్నల్) హద్దు దాటినా, ఇవ్వమన్న కరెంటుకూ నిజంగా వెళ్లే కరెంటుకూ పొంతన లేకపోయినా మాడ్యూల్ తన అవుట్‌పుట్‌ను తానే ఆపేసుకోవడం. అది కార్డు చెడిందన్న మాట కాదు, కార్డు తన పని తాను చేసిందన్న మాట.

ఇక్కడి అంకెలు జీఈ వారి టర్బైన్ కంట్రోల్ సిస్టమ్‌లైన మార్క్ సిక్స్, మార్క్ సిక్స్ ఈ తరహా మూడు కోయిల్స్ సిస్టమ్‌వి: ఆయిల్‌తో ఫ్యూయల్ వాల్వ్‌ను కదిపే సర్వో వాల్వ్‌లో మూడు కోయిల్స్, ఒక్కోదానికి ఒక్కో మాడ్యూల్. మీ మెషీన్ కంట్రోల్ స్పెసిఫికేషన్ వేరే చెబితే దాన్నే పాటించండి.

తీయకముందు కొలవాల్సినవి

సర్వో కోయిల్స్‌ను టెర్మినల్ బోర్డు దగ్గర విడదీసి ఒక్కోదాన్నీ కొలవండి. సాధారణంగా వాడే రకంలో ఒక్కో కోయిల్ సుమారు 1000 ఓమ్‌లు చూపాలి. రెండు 1000 దగ్గర ఉండి మూడోది ఓపెన్ అయితే కొత్త మాడ్యూల్ పెట్టినా ఫలితం లేదు. కార్డు కలిపి ఉండగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టవద్దు.

తర్వాత ఎల్‌వీడీటీ, అంటే వాల్వ్ ఎంత కదిలిందో వోల్టేజీగా చెప్పే సెన్సర్. ఎక్సైటేషన్ 7 వోల్టుల ఆర్‌ఎంఎస్, 3.2 కిలోహెర్ట్జ్. ఈ ఫ్రీక్వెన్సీలో చవక మల్టీమీటర్ అబద్ధం చెబుతుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ అయి, ఆ ఫ్రీక్వెన్సీ దాకా పనికొచ్చే మీటరే వాడాలి. అవుట్‌పుట్ వాల్వ్ మూసి ఉన్నప్పుడు 0.7 వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు 3.5 వోల్టుల లోపు ఉండాలి.

చెన్నైలోని మణలి, ఎన్నూరు వైపు షట్‌డౌన్ పనులకు సూళ్లూరుపేట, నాయుడుపేట నుంచి వచ్చేవాళ్లు జంక్షన్ బాక్స్ తెరవకుండా నిర్ణయానికి రావద్దు. సముద్రపు గాలికి ఫెర్రూల్స్ (వైరు చివర లోహపు తొడుగులు) పచ్చబడతాయి, టర్బైన్ వేడికి కేబుల్ ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది. మాడ్యూల్ నేరం అని రాసిన ఫిర్యాదు ఒక్కోసారి స్క్రూ బిగించడంతో పోతుంది.

ఆయిల్‌నూ మరచిపోవద్దు. సర్వో వాల్వ్ లోపల జరిగే స్పూల్ చుట్టూ ఖాళీ కొద్ది మైక్రాన్లే; పాత ఆయిల్ వదిలే జిగట పొర, అంటే వార్నిష్, పేరుకుంటే స్పూల్ అంటుకుంటుంది. కరెంటు మారుతున్నా వాల్వ్ కదలక, తర్వాత ఒక్కసారిగా దూకితే అది ఎలక్ట్రానిక్స్ జబ్బు కాదు.

మార్చడం

ముందు ప్రాజెక్టు ఫైలు బ్యాకప్ తీసి, ఎల్‌వీడీటీ కనిష్ఠ, గరిష్ఠ విలువలు, గెయిన్, నల్ బయాస్ (వాల్వ్ నిలకడగా ఉండటానికి కావాల్సిన కొద్దిపాటి కరెంటు) కాగితం మీద కూడా రాసుకోండి. స్పేర్ పార్ట్ నంబరు చివరి అక్షరాల దాకా సరిపోవాలి. టెర్మినల్ బోర్డు కూడా మారుస్తుంటే కరెంటు రేంజ్ జంపర్లు పాతదానిలాగే పెట్టాలి. 10, 20, 40, 80, 120 మిల్లీ ఆంపియర్ల స్థానాలు ఉంటాయి. ఫ్యూయల్ సర్వోలకు సాధారణంగా 10.

ఏసీ స్టోర్‌లోంచి తెచ్చిన కార్డు కవరు చెన్నై ఉక్కలో వెంటనే చించితే దాని మీద తేమ పడుతుంది. సీల్ విప్పకుండా గది వేడికి రానివ్వండి. రిస్ట్ స్ట్రాప్ తప్పనిసరి.

మూడు మాడ్యూల్స్ ఉన్న మెషీన్‌లో నడుస్తుండగానే ఒకటి మార్చవచ్చు, కానీ మిగతా రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని కరెంట్లు చూశాకే. దాని పవర్ ఆపి, కేబుళ్లకు గుర్తులు కట్టి, తీసి, కొత్తది పెట్టి, ఫర్మ్‌వేర్, పారామీటర్లు లోడ్ చేయాలి. ఒకే మాడ్యూల్ ఉన్నచోట మెషీన్ ఆపకుండా ముట్టుకోవద్దు.

పోలారిటీ

చాలామంది దాటేసే పని ఇదే. మూడు కోయిల్స్‌లో ఒకటి తిరగబడినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. కాడికి కట్టిన ఎద్దు ఒకటి వెనక్కి లాగుతున్నా బండి కదిలినట్టే, వాల్వ్ కదులుతుంది, పైకి తెలియదు. మరో కోయిల్ పోయిన రోజున మెషీన్ ట్రిప్ అవుతుంది, అంటే తానే ఆగిపోతుంది.

పరీక్ష మెషీన్ ఆగి ఉన్నప్పుడే. గ్యాస్ లైన్ మూసి, లాక్ వేసి, మిగిలిన గ్యాస్ వెంట్ చేసి, అది పోయిందని చూసుకున్నాకే హైడ్రాలిక్ ప్రెషర్ పెట్టండి. ట్రిప్ ఆయిల్ (పోతే వాల్వ్ మూసుకునే రక్షణ ఆయిల్) లేకుండా వాల్వ్ కదలదు కాబట్టి దాని సోలనాయిడ్‌ను ఫోర్స్ చేయాల్సి, అంటే కంట్రోల్ నుంచి బలవంతంగా ఆన్ చేయాల్సి వస్తుంది. పెట్టిన ప్రతి ఫోర్స్‌నూ జాబితాలో రాయండి. తర్వాత రెండు కోయిల్స్ విడదీసి, ఒక్కదానితో వాల్వ్‌కు కమాండ్ ఇవ్వండి. కొంచెం తేడాతోనైనా వెంట నడిస్తే సరే. ఒక చివరకు పరుగెత్తితే ఆ వైర్లు తిరగబడ్డాయి. మూడింటికీ విడివిడిగా ఇలాగే చేయాలి.

క్యాలిబ్రేషన్

ఆయిల్ పనిచేసే వేడికి వచ్చాకే మొదలుపెట్టండి. వాల్వ్‌ను పూర్తిగా మూసి, స్టాప్‌కు తగిలిందని కంటితో చూశాక కనిష్ఠం ఫిక్స్ చేయండి. తెరిచిన స్టాప్ దగ్గర గరిష్ఠం. మూసిన స్థితిలో 0.7 వోల్టు రాకపోతే సాఫ్ట్‌వేర్‌తో సర్దవద్దు. ఎల్‌వీడీటీ రాడ్ తిప్పి తెచ్చి, లాక్ నట్ బిగించి, మళ్లీ కొలవండి. నట్ బిగించేటప్పుడు రాడ్ కాస్త తిరుగుతుంది, ఆ ఒక్క పొరపాటే గంటలు తినేస్తుంది.

తెర మీద నూరు శాతం వచ్చిందని సంతోషించవద్దు. అది మనం చెప్పిన అంకెనే తిరిగి చెబుతోంది. 0, 25, 50, 75, 100 శాతాలకు కమాండ్ ఇచ్చి, స్టెమ్ దగ్గర డయల్ గేజ్‌తో అసలు స్ట్రోక్ కొలవండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా. రెండు దిశల్లో రీడింగ్ తేడా పెద్దదైతే సర్వో వాల్వ్‌ను కానీ లింకేజ్ వదులును కానీ అనుమానించాలి.

ఇప్పుడు వాల్వ్ నిలకడగా ఉండగా కరెంట్లు చూడండి. కరెంటు పోతే వాల్వ్ మూసుకునేలా సర్వోలో స్ప్రింగ్ బయాస్ ఉంటుంది, దాన్ని ఆపడానికే కొంత కరెంటు కావాలి. ఇదే నల్ బయాస్, 10 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌లో 2.67 శాతం: కోయిల్‌కు దాదాపు 0.27, మొత్తం 0.8 మిల్లీ ఆంపియర్లు, రుణ గుర్తుతో. ఒక కోయిల్ లేకపోతే మిగతా రెండూ చెరో 0.4 మోస్తాయి. ఒకటి ధన, మిగతావి రుణ చూపితే మూడు మాడ్యూల్స్‌కూ ఎల్‌వీడీటీ విలువలు ఒకటిగా లేవు. ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి. మూడూ కలిసి 0.8కి చాలా దూరం జరిగితే సర్వో వాల్వ్‌ను మార్చే రోజు దగ్గరపడింది. నల్ బయాస్ సెట్టింగ్ పెంచి దాన్ని కప్పిపుచ్చవద్దు.

చివరగా కొత్త విలువలను మూడు మాడ్యూల్స్‌లోనూ ప్రాజెక్టు ఫైల్లోనూ సేవ్ చేయండి. ఫైల్లో మారకపోతే తర్వాతి డౌన్‌లోడ్‌తో పాత అంకెలు మళ్లీ ఎక్కేస్తాయి. జాబితా తీసి ఒక్కో ఫోర్స్ తొలగించి, లాక్ విప్పేలోపు వాల్వ్ ట్రిప్‌కు మూసుకుంటోందో లేదో ఒకసారి చూడండి.