ఊరికే దొరికే కట్టెలు: ఏరడం, పేర్చడం

గాలివానకు చెట్లు కూలినప్పుడు, కొమ్మలు కొట్టించినప్పుడు కట్టెలు ఊరికే దొరుకుతాయి. స్థలం ఎవరిదో కనుక్కుని, అడిగాకే ముట్టుకోండి. రంగు వేసినవి, చెదల మందు పట్టించినవి, ప్లైవుడ్ ముక్కలు ఎంత ఉచితమైనా వద్దు. వాటి పొగ విషం.

అసలు పని ఆరబెట్టడమే. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పైగా పొగగొట్టంలో జిగట మసి పేరుకుంటుంది, ఒక్కోసారి అదే అంటుకుంటుంది. తేమ 20 శాతం లోపుకు రావాలి. మెత్తటి కలపకు 6 నుంచి 12 నెలలు, గట్టిదానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

పొయ్యి లోతుకన్నా 7 సెంటీమీటర్లు తక్కువగా కోసి, 8 నుంచి 15 సెంటీమీటర్ల మందానికి చీల్చండి. చీల్చకపోతే బెరడు తేమను బయటికి పోనివ్వదు. నేల మీదే పేరిస్తే అడుగు వరుస కుళ్లిపోతుంది. కింద రెండు వాసాలు వేయండి. గోడకు జానెడు ఎడం ఉంచండి, ఎత్తు 1.2 మీటర్లు దాటనివ్వకండి. రేకు పైన మాత్రమే కప్పాలి. చాలామంది టార్పాలిన్‌తో చుట్టూ బిగించేస్తారు, లోపల బూజు పడుతుంది.

ఆరిన కట్టె చివర్లు బీటలిస్తాయి. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖంగుమంటాయి. పచ్చివైతే దబ్బుమంటాయి.