ఫ్యూచురా అక్షరాలు: గీసే పద్ధతి, వాడే చోటు

‘కొత్తకాలం బోర్డులా ఉండాలి’ అని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఫ్యూచురా అనే ఇంగ్లీషు ఫాంటునే. జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ గీసిన ఈ అక్షరాలను ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బాయర్ సంస్థ 1927లో విడుదల చేసింది. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీది రాత కూడా ఇదే. పైకి చూస్తే వృత్తం, చతురస్రం, త్రిభుజం, అంతే. అందుకే నేర్చుకునేవాళ్లు కంపాస్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోకండి.

ముందు ఇంగ్లీషు ‘ఓ’ గీయండి. లోపల ఒకటి, బయట ఒకటి, కచ్చితమైన వృత్తాలు. మందం చుట్టూ ఒకటే అయినా, కాగితాన్ని గోడకు అంటించి వెనక్కి నడిచి చూస్తే పైనా కిందా లావుగా, పక్కల సన్నగా కనిపిస్తుంది. అడ్డగీత మన కంటికి ఎప్పుడూ నిలువుగీతకన్నా బరువుగానే తోస్తుంది. పైనా కిందా వెంట్రుకవాసి చెక్కేయండి. పక్కన ‘హెచ్’ పెట్టి చూడండి: ఎత్తు సమానమైనా ‘ఓ’ పొట్టిగా ఉంటుంది. పైనా కిందా గీత దాటి కాస్త పొంగనివ్వాలి. ‘ఏ’ మొన ఇంకొంచెం ఎక్కువ దాటాలి. చిన్న ‘బి’లో గుండ్రని భాగం నిలువుగీతను తాకేచోట సన్నబరచకపోతే అక్కడ నల్లగా ముద్దకడుతుంది.

రెన్నర్ తొలి నమూనాల్లో చిన్న ‘ఆర్’ అంటే ఒక నిలువుగీత, పక్కన ఒక చుక్క! అలాంటివాటిని తరువాత పక్కన పెట్టారు. మంచి పని చేశారు.

వెడల్పులన్నీ సమానం చేయకండి. ‘ఈ’, ‘ఎఫ్’, ‘ఎల్’ చతురస్రంలో సుమారు సగం, ‘ఓ’, ‘జి’ నిండుగా. ఇది ప్రాచీన రోమన్ శాసనాల కొలత. ఈ హెచ్చుతగ్గులు చెరిపేస్తే మిగిలేది పిల్లల రోబో బొమ్మ మీది స్టిక్కరే.

వాడకంలో నా నియమం ఒకటే: తక్కువ మాటలు, పెద్ద సైజు. అన్నీ పెద్ద అక్షరాలైతే మధ్య ఎడం కొంచెం పెంచండి. పేరాలకు పేరాలు కూర్చకండి. చిన్న అక్షరాల ఒళ్లు పొట్టి, ‘బి’, ‘డి’ లాంటివాటిలో పైకి లేచే కొమ్ములు పొడుగు, సైజు తగ్గితే చదవలేం. మందుల పేర్లకు అసలే వద్దు. పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ రెండూ ఒంటి నిలువుగీతలే.

పక్కన తెలుగు పెట్టాలంటే గీత మందం అంతటా ఒకేలా సాగే ఫాంటు వెతకండి. తలకట్టు నుంచి ఒత్తు దాకా మొత్తం కొలిచి ఇంగ్లీషు ఎత్తుకు సరిపెడితే అసలు అక్షరం చిక్కిపోతుంది. ‘రాష్ట్ర’ లాంటి మాట ఉంటే మరీను. ఒత్తులను లెక్కలోంచి తీసేసి ఎత్తు కలపండి, వాటికి కింద వేరే చోటు వదలండి.

లోపల దీపాలుండే అక్రిలిక్ అక్షరాలు చేయిస్తుంటే, ‘ఏ’, ‘ఎమ్’ మొనల్లోకి ఎల్‌ఈడీ పట్టదు. పగలు బాగానే ఉంటుంది, రాత్రి మొన చీకటి. మొనలను కాస్త మొద్దుగా కోయమని ముందే చెప్పండి, తయారుచేసేవాళ్లు తమంతట తాము చెప్పరు.

ఫ్యూచురాకు లైసెన్సు కొనాలి. బడ్జెట్ లేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో జోస్ట్ అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, అదీ ఫ్యూచురా స్ఫూర్తితో చేసినదే. అడ్వాన్సు ఇచ్చేముందు షాపు పేరును అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, షట్టరుకు అంటించి, రోడ్డు అవతలినుంచి చదివి చూడండి.