ఇల్లు మారాక కూరగాయల తోట మళ్లీ వేసుకోవడం ఎలా?

రాజమండ్రిలో పెరడున్న ఇల్లు వదిలి హైదరాబాద్‌లో అద్దె డాబా మీదికి వచ్చినప్పుడు నేను కుండీలన్నీ లారీ ఎక్కించాను. దారి పొడవునా గాలి కొట్టి సగం మొక్కలు వడిలిపోయాయి. తడిసిన మట్టి బరువు సరేసరి. ఈసారి మారాల్సి వస్తే ఇలా చేస్తాను.

1. మొక్కల కంటే ముందు విత్తనాలు

ఇల్లు మారుతున్నట్టు నెలా రెండు నెలల ముందే తెలిస్తే ఒక బీరకాయను తీగకే, నాలుగు బెండకాయలను మొక్కకే ఎండనివ్వండి. బీరకాయ ఊపితే గింజలు గలగలమనాలి. గింజలను నీడలో ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి గాజు సీసాలో పోసి పేరు రాయండి. వంగ, మిరప గింజలు ఎండాక చూస్తే ఒకేలా ఉంటాయి, తర్వాత తిట్టుకుంటారు. నాటు రకాలవే దాచండి. హైబ్రిడ్ కాయల గింజ వేస్తే మళ్లీ అలాంటి కాయే వస్తుందన్న నమ్మకం లేదు.

దొండకు పెన్సిల్ లావు తీగ ముక్కలు, బచ్చలికి, పుదీనాకు కాడలు చాలు. తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లండి. కుండీతో సహా మోసుకెళ్లాల్సింది నా దృష్టిలో కరివేపాకు ఒక్కటే, అది ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి. కొత్త ఇంట్లో నాలుగైదు రోజులు నీడలో ఉంచాకే దాన్ని ఎండలో పెట్టండి.

2. వారం రోజులు ఎండను చూడండి

ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి డాబా ఎక్కి ఎండ పడేచోట సుద్దముక్కతో గీత గీయండి. కాయగూరలకు ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కనుక అటువైపు పెద్ద బిల్డింగ్ ఉంటే జూన్‌లో ఎండ ఉన్న చోటే డిసెంబరులో నీడ పడుతుంది.

ఓనర్ గారిని ముందే అడగండి. కుండీలను ఇటుకల మీద పెడతామని, స్లాబు చెమ్మెక్కదని చెబితే చాలావరకు ఒప్పుకుంటారు. బరువైనవి డాబా నడిమధ్యన కాకుండా గోడల పక్కగా పెట్టండి.

3. మట్టి

20 లీటర్ల పాత పెయింట్ బకెట్లకు అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, బకెట్‌కు గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేర్లు దెబ్బతింటాయి. ఇంటి పక్కన కట్టుబడి మట్టి ఊరికే వస్తుందని తెచ్చుకోకండి, అందులో సిమెంటు పెళ్లలే ఎక్కువ.

4. ఆకుకూరలతో మొదలు

కొత్త చోట మొదటి నెల టమాటా జోలికి పోవద్దు. మెంతి, తోటకూర చల్లితే నెల తిరక్కుండానే కోతకొస్తాయి. నీళ్లెలా ఉన్నాయో కూడా వాటితోనే తెలుస్తుంది. మట్టి మీద తెల్లగా పొర కడితే బోరునీళ్లలో ఉప్పు ఎక్కువని అర్థం. వాననీళ్లు పట్టుకోగలిగితే అవే పోయండి.

5. తీగలు, పూత

పై అంతస్తుల్లో తేనెటీగలు తక్కువ. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. కాకర, దోసకైతే ఈ పని పొద్దున్నే చేయాలి. మొదట్లో అన్నీ మగపూలే వస్తే టెన్షన్ పడకండి, ఆడపూలు వెనకాల వస్తాయి.

పేనుబంక (ఆకుల రసం పీల్చే సన్న పురుగులు) కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి.

ఇక చిక్కుడు సంగతి. జూన్, జూలైలో పెట్టిన పాదు ఆగస్టుకల్లా పందిరంతా అల్లుకున్నా పూత కనిపించదు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. ఈ ఊరొచ్చిన మొదటి ఏడు ఆ మాట తెలియక పీకేశాను. రథసప్తమికి చిక్కుడాకుల కోసం పక్కింటివాళ్ల తలుపు తట్టాల్సి వచ్చింది.