విదేశీ ఉద్యోగాల సైట్ మీద అనుమానమా? ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

లక్షణం: సైట్ ముచ్చటగా ఉంది, పైన సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు కూడా ఉంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.
కారణం: మీరు పంపే సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా చూడడమే ఆ తాళం పని. అవతలివాడు ఎలాంటివాడో అది చెప్పదు. దొంగ సైట్‌కీ ఉచితంగానే దొరుకుతుంది.
పరిష్కారం: సైట్ పేర్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ‘హూ ఈజ్’ (WHOIS)లో డొమైన్, అంటే ఆ సైట్ పేరు, ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడండి. ఇరవై ఏళ్ల అనుభవం అని రాసుకుని, డొమైన్ మాత్రం మొన్న కొన్నదైతే అక్కడితో ఆపేయొచ్చు.

లక్షణం: లైసెన్స్ నంబరు, విశాఖ ద్వారకానగర్ అడ్రస్ ఇచ్చారు.
కారణం: నంబరు ఎవరిదైనా ఎత్తి పెట్టుకోవచ్చు.
పరిష్కారం: వాళ్లిచ్చిన లింకు నొక్కకండి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌ని మీరే తెరిచి వెతకండి. పేరు, అడ్రస్, గడువు మూడూ సరిపోవాలి. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగితే ఇంక వెతకడం కూడా దండగ. అడ్రస్ సంగతంటారా, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నడిచి వెళ్లి చూసుకోవచ్చు. బోర్డు చూసి వెనక్కి రాకండి, పక్క షాపువాళ్లని అడగండి.

లక్షణం: డేటా ఎంట్రీ పనికి భారీ జీతం, టూరిస్ట్ వీసా మీద రమ్మంటున్నారు. స్నేహితుల్ని చేర్పిస్తే కమీషన్ కూడా ఇస్తారట.
కారణం: 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇలాంటిదే. ఉద్యోగమని వెళ్లిన కుర్రాళ్లను నిర్బంధించి, వాళ్ల చేతే భారతీయులకు ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. అంటే ఇక్కడ ఒకడు ఇరుక్కుంటే, వాడి గొంతుతో ఇంకెందరి ఖాతాలు ఖాళీ అవుతాయో. కమీషన్ ఆశకి తమ్ముడి వరసవాణ్ణి చేర్పించినవాడు రేపు ఆ ఇంట్లో ఏం చెప్తాడు? చట్టం సంగతి తర్వాత, ముందు ఇది ఆలోచించాలి.
పరిష్కారం: పనికి వెళ్లడానికి వర్క్ వీసా కావాలి. ‘అక్కడికి వెళ్లాక మారుస్తాం’ అంటే వెళ్లొద్దు. పాస్‌పోర్ట్, ఆధార్ కాపీలు పంపొద్దు.

లక్షణం: ఇప్పటికే డబ్బు కట్టేశారు.
పరిష్కారం: సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపించే అవకాశం అప్పుడే ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. లావాదేవీ నంబరు, సైట్ స్క్రీన్‌షాట్లు, చాట్‌లు దగ్గర ఉంచుకోండి. కోపంలో చాట్ డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది.