టీవీలో బొమ్మ ఉంది, సౌండ్ లేదు

హాల్లో టీవీకి కలిపిన పాత కంప్యూటర్‌లో డెబియన్ 12 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), సినిమాలు చూసే కోడి యాప్ వేశాను. బొమ్మ అద్దంలా వచ్చింది, సౌండ్ మాత్రం అస్సలు లేదు. నాన్న సినిమా కోసం వచ్చి కూర్చున్నారు, నాకు టెన్షన్.

హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చినా లాభం లేకపోయింది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే సౌండ్ సర్దే ప్రోగ్రామ్ తెరిచి, ఎఫ్6 నొక్కి సౌండ్ కార్డును ఎంచుకున్నాను. ఎస్‌పీడీఐఎఫ్ (డిజిటల్ సౌండ్ బయటికి పోయే దారి) గడుల కింద ‘ఎంఎం’ అని ఉంది, అంటే మ్యూట్. ఒక్కో గడి మీదికి వెళ్లి ఎం కీ నొక్కితే ‘ఓఓ’గా మారింది. రీబూట్ చేస్తే మళ్లీ పోకుండా ‘సుడో ఆల్సాసిటిఎల్ స్టోర్’ కూడా కొట్టాను.

అయినా సౌండ్ రాలేదు. అసలు తిరకాసు పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల యాప్‌లో దొరికింది. కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ప్రొఫైల్, అంటే సౌండ్ ఎటు పోవాలో చెప్పే సెట్టింగ్, అనలాగ్ స్టీరియో మీద ఉంది. సౌండంతా ఏమీ పెట్టని హెడ్‌ఫోన్ జాక్‌కి పోతోందన్నమాట! అక్కడ హెచ్‌డీఎంఐ పేరుతో మూడు ప్రొఫైళ్లు ఉన్నాయి. ‘అన్‌ప్లగ్డ్’ (ఏమీ తగిలించలేదు) అని లేనిదే మనది. దాన్ని ఎంచుకుని, సౌండ్ పరీక్షించే ‘స్పీకర్-టెస్ట్ -టి వేవ్ -సి 2’ కమాండ్ నడిపితే, టీవీ ఎడమ వైపు నుంచి ‘ఫ్రంట్ లెఫ్ట్’ అని ఆడగొంతు పలికింది. ప్రాణం లేచొచ్చింది.

తీరా చూస్తే ఒక్క సినిమా మాత్రం మూగదే. అందులో ఉన్నది డీటీఎస్ అనే ఫార్మాట్ ఆడియో, మా టీవీకి అది అర్థం కాదు. కోడి ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ (ఆడియోను విప్పకుండా ఉన్నదున్నట్టు టీవీకి పంపడం) ఆపేశాను. ఇప్పుడు కోడియే దాన్ని విప్పి మామూలు స్టీరియోగా టీవీకి పంపుతోంది. నాన్న సినిమా మళ్లీ మొదటి నుంచి పెట్టించుకున్నారు.